చెన్నపట్నంలో వేళ చెప్పే గోపురాలు



"ఎన్ని గంటలయింది?" అని మనం తెలుగులో అడుగుతాం. మన పొరుగింటి తమిళులు "మణి ఎన్న?" అని అడుగుతారు. గుడిలో మోగేదీ గంటే, కాలం లెక్కలోనిదీ గంటే. తమిళంలో మణి అన్న మాట కూడా అంతే. దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. మన పెద్దలకు వేళ అనేది ముందుగా చెవికి వినబడింది. కంటికి కనబడింది ఆ తరువాతే. ఎవరో ఒకరు గంట కొడితే ఊరందరూ విని తమ తమ పనులు సర్దుకునేవారు.

గడియారం అనే మాట గడియ నుంచి వచ్చింది. గడియకు 24 నిమిషాలు. పగలూ రాత్రీ కలిపి 60 గడియలు. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీళ్ళ మీద వదిలితే, అది నిండి మునిగేసరికి ఒక గడియ అయినట్టు లెక్క. ఆ గిన్నెను గడియకుడుక అనేవారు. గిన్నె మునగగానే కాపలా ఉన్నవాడు గంట మీద దెబ్బ కొట్టేవాడు. తమిళులు గడియారాన్ని కడిగారం అంటారు, గడియారస్తంభాన్ని మణిక్కూండు అంటారు. గంట ఉన్న గూడు అన్నమాట. రెండు భాషలూ తెలిసినవారికి ఈ చుట్టరికం వినగానే బోధపడుతుంది.

ఈనాడు అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు ఉన్నాయి. వేళ తెలుసుకోవడానికి తల వంచడమే గాని తల ఎత్తే పని లేదు. అందువల్ల నష్టమేమిటని మీరడగవచ్చు. వేళ విషయంలో నష్టమేమీ లేదు. కాని తల ఎత్తి చూసే అలవాటు పోతే ఊరు కనబడకుండా పోతుంది. మన ఇళ్ళల్లో పిల్లలు చెన్నైలోనే పుట్టి చెన్నైలోనే పెరుగుతున్నారు. వాళ్ళకు తెలిసిన ఊరు బడి, ట్యూషను, బస్టాండు, సినిమాహాలు. పెద్దలమేమో చెన్నపట్నం గురించి పాత ముచ్చట్లు చెబుతాం. "మద్రాసు మనది కావలసింది" అని నిట్టూరుస్తాం. అది విన్న పిల్లలు, "అయితే ఇప్పుడు ఇక్కడ మనకేముంది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు నిట్టూర్పు జవాబు కాదు. ఒక ఆదివారం పూట వాళ్ళ చెయ్యి పట్టుకుని బయలుదేరితే జవాబు దొరుకుతుంది. ఎక్కడికి వెళ్ళాలో, అక్కడ ఏమి చూడాలో చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మొదట నుంగంబాకం వెళదాం. కాలేజి రోడ్డులో వాతావరణ శాఖవారి ప్రాంతీయ కేంద్రం ఉంది. తుఫాను రోజుల్లో రేడియోలో మనం వినే హెచ్చరికలు వచ్చేది అక్కడినుంచే. ఆ ఆవరణలోనే ఒకప్పుడు మద్రాసు నక్షత్రశాల ఉండేది. 1786లో విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి ఎగ్మూరులో సొంతంగా పెట్టుకున్న చిన్న నక్షత్రశాల దానికి మూలం. 1792లో కంపెనీవారు నుంగంబాకంలో కట్టడం లేపారు. మైకేల్ టాపింగ్ దాని రూపశిల్పి. నక్షత్రాలను చూసే దుర్భిణి కదలకుండా ఉండడానికి పది టన్నుల నల్లరాతి స్తంభం ఒకటి నిలిపారు. ఆ కట్టడం పోయినా స్తంభం ఈనాటికీ ఉంది. దాని మీద లాటిన్‌తో పాటు తమిళంలోనూ తెలుగులోనూ శాసనం చెక్కించారు. వెయ్యేళ్ళ తరువాత వచ్చేవారికి కూడా ఈ సంగతి తెలియాలని వారి తలంపు. ఆ వెయ్యేళ్ళలో రెండువందల పైచిలుకు మాత్రమే గడిచాయి. ఆ తెలుగు అక్షరాలు చదవగల పిల్లలు మన ఇళ్ళల్లో ఎందరున్నారో మనమే లెక్క చూసుకోవాలి. అది ప్రభుత్వ కార్యాలయం కనుక ముందుగా అనుమతి అడిగి వెళ్ళండి. వెళ్ళే ముందు వారం రోజులు అక్షరాలు నేర్పి తీసుకువెళ్ళండి. రాతి మీద చదివిన అక్షరాన్ని పిల్లలు మరచిపోరు.

ఈ నక్షత్రశాల చేసిన పని ఒక్క మద్రాసుకే పరిమితం కాదు. 1802లో జాన్ గోల్డింగ్‌హాం అనే ఖగోళశాస్త్రవేత్త మద్రాసు రేఖాంశాన్ని నిర్ణయించాడు. దాన్నిబట్టి మద్రాసు కాలం గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందని తేలింది. ఆ రోజుల్లో ఏ ఊరి కాలం ఆ ఊరిదే. బొంబాయి మనకంటే అరగంట వెనక, కలకత్తా మనకంటే 32 నిమిషాలు ముందు. రైళ్ళు వచ్చాక ఈ పద్ధతితో చిక్కు వచ్చింది. ఇంచుమించు రెండింటికీ నడుమ ఉన్నది మద్రాసు కాలమే కనుక రైల్వేలవారు దాన్నే దేశమంతటా వాడుకున్నారు. లాహోరులో బండి ఎక్కేవాడు కూడా మద్రాసు వేళే చూసుకోవలసి వచ్చేది. 1906 జనవరి 1 నుంచి భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. అది గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు. దానికి ఆధారమైన 82న్నర డిగ్రీల రేఖ ఉత్తరాన మీర్జాపూరు దాపునుంచి, దక్షిణాన మన కాకినాడకు కొంచెం తూర్పుగా సాగుతుంది. కాకినాడలోనూ యానాంలోనూ ఉన్న మన బంధువులకు గడియారం చెప్పే మధ్యాహ్నానికీ సూర్యుడు చెప్పే మధ్యాహ్నానికీ సగటున పెద్ద తేడా ఉండదు. చెన్నైలో సగటున తొమ్మిది నిమిషాల తేడా ఉంటుంది.

దీన్ని పిల్లలు ఇంటి మేడ మీదే పరీక్షించి చూడవచ్చు. నిటారుగా ఒక కర్ర నిలబెట్టి, పదకొండున్నర నుంచి ఐదేసి నిమిషాలకు ఒకసారి నీడ కొన దగ్గర సుద్దతో గుర్తు పెట్టాలి. నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్న క్షణమే మన ఊరి అసలు మధ్యాహ్నం. ఫిబ్రవరి నెలలో అది 12 గంటల 23 నిమిషాల దాకా వెళుతుంది. నవంబరు మొదట్లో 12 గంటలకు ముందే వచ్చేస్తుంది. భూమి సూర్యుని చుట్టూ తిరిగే దారి సరిగ్గా వృత్తం కాకపోవడం, భూమి అక్షం ఒరిగి ఉండడం దీనికి కారణాలు. గడియారం చెప్పేది మనుషులందరూ కలిసి ఒప్పుకున్న వేళ అని ఈ చిన్న పరీక్షతో వాళ్ళకు తెలుస్తుంది. ఒప్పుకున్నదాన్ని నిలబెట్టడం ఎలాగన్నది తరువాతి ప్రశ్న. దానికోసమే గోపురాలు.

ఇప్పుడు సెంట్రల్ స్టేషనుకు వద్దాం. 2019 నుంచి దాని పేరు పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి. రామచంద్రన్ సెంట్రల్. నెల్లూరు, విజయవాడ వైపు వెళ్ళే మనవాళ్ళకు అది పుట్టింటి గుమ్మం లాంటిది. అయితే బండి అందుకునే తొందరలో ఆ కట్టడాన్ని తలెత్తి చూసినవారు తక్కువ. 1873లో జార్జి హార్డింగ్ రూపకల్పనతో అది మొదలయింది. నడుమ కనిపించే గడియారపు గోపురాన్ని చేర్చినవాడు రాబర్ట్ ఫెలోస్ చిషోమ్. 1900 నాటికి పని పూర్తయింది. ఎర్రటి గోడలు, తెల్లటి అంచులు, నాలుగు దిక్కులా నాలుగు ముఖాల గడియారం. స్టేషను గోపురానికి నాలుగు ముఖాలు ఎందుకో పిల్లలను అడగండి. ప్రయాణికుడు ఎటు నుంచి పరుగెత్తుకు వచ్చినా బండికి ఇంకా ఎంత వ్యవధి ఉందో దూరం నుంచే తెలియాలి. చేతిగడియారం కొనగలవాడికీ కొనలేనివాడికీ ఒకే వేళ తెలియాలి. బీదవాడికి ఈ గడియారాలు చేసిన ఉపకారం అదే.

స్టేషను పక్కనే తెల్లగా మెరిసే రిప్పన్ కట్టడం ఉంది. చెన్నై కార్పొరేషను కార్యాలయం అది. ఈ కార్పొరేషను 1688లో ఏర్పడింది. మన దేశంలో ఇంతకంటే పాత నగరపాలక సంస్థ లేదు. కట్టడానికి 1909లో పునాది వేశారు, 1913లో ప్రారంభించారు. స్థానిక పరిపాలనలో మనవాళ్ళకు చోటు కల్పించిన వైస్రాయి రిప్పన్ ప్రభువు పేరు దానికి పెట్టారు. సుమారు 130 అడుగుల గోపురంలో పావుగంటకొకసారి మోగే గడియారం అమర్చారు. అందులోని నాలుగు గంటలు ఇంగ్లండులో గిల్లెట్ అండ్ జాన్‌స్టన్ అనే కంపెనీ పోతపోసినవి. గోపురాన్ని చూశాక ముందున్న విగ్రహాన్ని కూడా చూడండి. ఆయన సర్ పిట్టి త్యాగరాయ శెట్టి. 1852లో తెలుగు మాట్లాడే దేవాంగుల కుటుంబంలో పుట్టి, ఈ కార్పొరేషనుకు ఎన్నికైన తొలి అధ్యక్షుడయ్యారు. మనం రోజూ టీ. నగర్ అని పొట్టిగా పిలిచే త్యాగరాయ నగరం ఆయన పేరు మీద వెలసినదే. అక్కడి పానగల్ పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా రామరాయణింగారు కూడా తెలుగువారే. 1921 నుంచి 1926 దాకా ఆయన మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రి.

గోపుర గడియారం లోపల ఏముంటుందో కూడా కొంచెం చెప్పుకోవాలి. పాత పద్ధతి గడియారానికి కరెంటు అక్కరలేదు. ఇనుప బరువులను తాళ్ళతో పైకి చుట్టిపెడితే అవి మెల్లగా దిగుతూ చక్రాలను తిప్పుతాయి. ఊగే లోలకం ఆ చక్రాలను ఒక్కొక్క పన్ను చొప్పున వదులుతుంది. మనం వినే టిక్కుటిక్కు ఆ పన్ను తగిలే చప్పుడే. ఒకే యంత్రం నుంచి నాలుగు ముఖాలకూ కడ్డీలు వెళతాయి. అందుచేత ఒక ముఖం మాత్రమే తప్పు వేళ చూపిస్తుంటే లోపం ముళ్ళకు వెళ్ళే కడ్డీలోనో పళ్ళ చక్రంలోనో ఉందని, నాలుగూ తప్పితే లోపం అసలు యంత్రంలో ఉందని కింద నిలబడే ఊహించవచ్చు. ఎండలకు ఉక్కు సాగుతుంది కనుక లోలకం పొడవు పెరిగి గడియారం మందగిస్తుంది. పది డిగ్రీల వేడి పెరిగితే మామూలు ఉక్కు లోలకం రోజుకు సుమారు ఐదు సెకన్లు వెనకబడుతుంది. చిత్తిరై ఎండల్లో నెలరోజులు సరిచూడకపోతే రెండు నిమిషాలకు పైగా తేడా వస్తుంది. కాబట్టి యంత్రం ఎంత గొప్పదయినా మనిషి చెయ్యి తప్పదు. మెట్లెక్కి వెళ్ళి బరువులు చుట్టేవాడు, నూనె వేసేవాడు, ముల్లు సరిదిద్దేవాడు ఉండాలి. నగరమంతా చూసే గడియారం పేరు తెలియని ఒక మనిషి ఒళ్ళు అలసటతో నడుస్తుంది.

గంట మోగినప్పుడు ఇంకొక పాఠం ఉంది. 1820, 21 సంవత్సరాల్లో ఆ గోల్డింగ్‌హామే సెయింట్ జార్జి కోటలోనూ పరంగిమలై మీదా ఉదయం సాయంకాలం పేల్చే ఫిరంగుల వెలుగును చూసి, శబ్దం నక్షత్రశాలకు చేరడానికి పట్టిన వేళను కొలిచాడు. అలా శబ్దవేగాన్ని లెక్కకట్టాడు. మన ఎండల్లో శబ్దం సెకనుకు 350 మీటర్ల దాకా వెళుతుంది. గోపురానికి కిలోమీటరు దూరంలో ఉన్నవాడికి గంట దాదాపు మూడు సెకన్లు ఆలస్యంగా వినబడుతుంది. పుస్తకంలో బట్టీ పట్టిన సంఖ్యను మన ఊరి ఫిరంగులే కొలిచాయని తెలిస్తే పిల్లలకు భౌతికశాస్త్రం మీద మమకారం కలుగుతుంది.

సెంట్రల్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషను వెళితే హైకోర్టు. అక్కడ చూడవలసింది గడియారం కాదు, దీపాలు. వేళ తెలియకపోతే బండి తప్పుతుంది, చోటు తెలియకపోతే ఓడ మునుగుతుంది. ఈ ఊరికి మొదట రేవు లేదు. ఓడలు దూరాన ఆగితే చిన్న పడవల మీద మనుషులూ సరుకులూ ఒడ్డుకు చేరేవి. 1796లో కోటలో ఇప్పుడు మ్యూజియం ఉన్న కట్టడం మీద మొదటి దీపం పెట్టారు. కొబ్బరినూనెతో వెలిగే దీపాలవి. 1844లో ఇప్పటి హైకోర్టు ఆవరణలో పొడుగాటి రాతి స్తంభం కట్టి దాని మీదికి మార్చారు. 1892లో హైకోర్టు కట్టడం పూర్తయింది. 1894 నుంచి దాని గోపురమే దీపస్తంభమయింది. 1977లో మెరీనా తీరాన ఇప్పటి దీపస్తంభం వచ్చింది. ఒకే ఊళ్ళో ఒక దీపం నాలుగు ఇళ్ళు మారిన కథ ఇది. హైకోర్టు గోపురాన్ని వీధిలో నుంచే చూపించవచ్చు. మెరీనాకు వెళ్ళినప్పుడు ప్రెసిడెన్సీ కాలేజి కట్టడం మీది గడియారాన్ని కూడా చూపించండి. 1909లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యాపకుడిగా చేరింది ఆ కాలేజిలోనే.

ఇక వీధుల నడుమ విడిగా నిలబడిన స్తంభాలు. మింట్, డవ్టన్, రాయపురం, రాయపేట అనే నాలుగు చోట్ల ఇవి ఉన్నాయి. మింట్ అంటే టంకశాల. తమిళంలో ఆ వీధిని తంగసాలై అంటారు. దానికి కొంత దూరంలోనే కొత్వాల్ చావడి, కన్యకాపరమేశ్వరి దేవస్థానం. తరతరాలుగా మన వర్తకులు మసలిన వీధులవి. పొద్దున్నే బస్తాలు దించే కూలీలకూ, కొట్టు తాళం తీసే గుమాస్తాలకూ ఇటువంటి స్తంభమే యజమాని గడియారానికి సాక్షి. యజమాని గడియారం ఒక వేళ చెప్పి, వీధి గడియారం ఇంకొక వేళ చెబితే, కూలివాడికి ఆధారం వీధి గడియారమే.

రాయపేట స్తంభం దగ్గర నుంచి రాయపేట హైరోడ్డులో మైలాపూరు వైపు నడిస్తే పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం వస్తుంది. అది అప్పట్లో బులుసు సాంబమూర్తి గారు ఉన్న ఇల్లు. 1952 అక్టోబరు 19న శ్రీరాములు గారు అక్కడ నిరాహారదీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. యాభై ఎనిమిది రోజులు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు తమిళుల రాష్ట్రంలో ఉండిపోయింది. మనం ఇక్కడే ఉండిపోయాం. ఆ ఇంటి ముందు నిలబడి పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు గొంతులో ఎవరి మీదా కోపం ఉండనక్కరలేదు. ఆయన నెల్లూరు ప్రాంతపు కుటుంబంలో పుట్టినా, పుట్టిందీ ఈ ఊళ్ళోనే, పోయిందీ ఈ ఊళ్ళోనే. ఊరు ఎవరి రాష్ట్రంలో ఉందన్నది ఒక లెక్క. ఊళ్ళో ఎవరు ఏమి చేశారన్నది ఇంకొక లెక్క. రెండో లెక్కలో మన పద్దు చిన్నదేమీ కాదు.

మా తరగతిలో ఒక అబ్బాయి అడిగాడు, "సార్, తప్పు వేళ చూపించే గడియారం ఉండడం కంటే లేకపోవడమే మేలు కదా?" అని. మంచి ప్రశ్నే. ఇంట్లో గోడగడియారం ఆగితే ఇంటివాళ్ళకే ఇబ్బంది. వీధి గడియారం ఆగితే, ఈ ఊళ్ళో పట్టించుకునే నాథుడు లేడని దారిన పోయేవారందరికీ చాటుతుంది. కాని దాన్ని పీకేస్తే దోషం పోదు, సాక్ష్యం మాత్రం పోతుంది. బాగుచేయించడమే దారి. మీరు వెళ్ళిన రోజున ఏ స్తంభం మీదయినా ముళ్ళు ఆగి కనిపిస్తే, చోటు, తేదీ, ఏ ముఖం ఎంత వేళ దగ్గర ఆగిందో రాసి కార్పొరేషనుకు ఒక ఉత్తరం వేయండి. ఆ ఉత్తరం పిల్లలచేతనే రాయించండి. తమిళంలో రాయించండి, ఇంటి దగ్గర అదే తెలుగులో కూడా రాయించండి. తన ఊరి గడియారం గురించి ఉత్తరం రాసిన పిల్లవాడు ఇక్కడ మనకేముందని మళ్ళీ అడగడు.

చివరగా ప్రయాణానికి కొన్ని సూచనలు. ఒక నోటు పుస్తకం, పెన్సిలు, మంచినీళ్ళు చాలు. ప్రతి గడియారం దగ్గరా నాలుగు సంగతులు రాసుకోమనండి. ముఖాలెన్ని? అంకెలు ఏ లిపిలో ఉన్నాయి? రోమన్ అంకెలయితే నాలుగును నాలుగు గీతలుగా వేశారా, మరో విధంగానా? గంట మోగుతుందా? మోగితే ఏ వీధి దాకా వినబడుతుంది? చుట్టుపక్కల టీకొట్టువారినో పూలమ్మేవారినో అడిగితే పుస్తకాల్లో దొరకని సంగతులు చెబుతారు. వారిని తమిళంలో అడగండి, ఇంటికి వచ్చి తాతయ్యకూ అమ్మమ్మకూ తెలుగులో చెప్పండి. రెండు భాషలున్న ఇంటికి ఉన్న సౌకర్యం అది.

గడియారం తనంతట తాను సరిగ్గా ఉండదు. ఎవరో ఒకరు చూస్తుండాలి, ఎవరో ఒకరు చుట్టిపెడుతుండాలి. వచ్చే ఆదివారం ఉదయం ఎండ ముదరకముందే బయలుదేరండి.